గల్ఫ్ వీసా మీద ఎవరి పేరుంది, ఏ పని రాసుంది?

"వీసా వచ్చిందట" అని ఊళ్ళో ఒక మాట పుట్టగానే ఇక పని అయిపోయినట్టే అందరూ లెక్కేస్తారు. అప్పు ఇచ్చేవాడు కూడా ఆ మాట మీదే ఇస్తాడు. కానీ గల్ఫ్ దేశాల్లో వీసా అంటే విమానం దిగి లోపలికి అడుగు పెట్టడానికి ఇచ్చే అనుమతి, అంతవరకే. అక్కడ ఉండటానికి ఒక అనుమతి కావాలి, పని చేయడానికి ఇంకొకటి కావాలి, కొన్నిచోట్ల తిరిగి రావడానికి కూడా మరొకటి కావాలి. ఆఫీసులు వేరు, కాగితాలు వేరు, కానీ అన్నిటి మీదా ఉండేది ఒకే యజమాని పేరు. ఆ యజమానితో సంబంధం తెగిందంటే మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి చెల్లకుండా పోతాయి. ఖల్లివెల్లి అయిపోయారని, అంటే కాగితాలు చెల్లక అక్రమంగా మిగిలిపోయారని, మనం వింటుంటామే, వాళ్ళలో దొంగదారిన సరిహద్దు దాటినవాళ్ళు బహు తక్కువ. శంషాబాద్‌లో స్టాంపు వేయించుకుని, అక్కడ దిగాక వేలిముద్రలు ఇచ్చి, అంతా సక్రమంగా వెళ్ళినవాళ్ళే ఎక్కువ. సక్రమంగా వెళ్ళినవాడు అక్రమం ఎలా అవుతాడు అన్నదే అర్థం కావాల్సిన సంగతి, అది అర్థమైతే ఏ వీసా తీసుకోవాలో ఏది వదిలేయాలో చాలావరకు తేలిపోతుంది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు నుంచి దుబాయికి, సౌదీకి పోయేవాళ్ళు ఎక్కువ. రాయచోటి, రాజంపేట నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్ పోయేవాళ్ళు ఎక్కువ, అందులో ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు కూడా చాలామంది. అందుకని ఇక్కడ ప్రధానంగా సౌదీ, కువైట్, దుబాయి ఉన్న యూఏఈ, ఈ మూడు దేశాల గురించే మాట్లాడుకుందాం.

పూచీ ఎవరిది

గల్ఫ్‌లో విదేశీయుడికి ప్రభుత్వం నేరుగా ఉండే హక్కు ఇవ్వడం చాలా అరుదు. అక్కడి పౌరుడో, అక్కడ రిజిస్టరైన కంపెనీయో "ఈ మనిషికి నేను పూచీ" అని ముందుకు రావాలి. ఆయనే కఫీల్. ఆ పద్ధతి పేరు కఫాలా. మీ అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, ఆ పూచీకి ప్రభుత్వం ఇచ్చిన రసీదు లాంటిది, పూచీ పడ్డవాడు తప్పుకుంటే రసీదుకు విలువ లేదు. అమెరికా హెచ్1బీ కూడా యజమానికి ముడిపడిందే కదా అంటారు, నిజమే, కానీ అక్కడ ఎన్నేళ్ళు పట్టినా చివర గ్రీన్‌కార్డు అనేది ఒకటి ఉంది. ఇక్కడ ముప్పై ఏళ్ళు పనిచేసినా అకామా రెన్యువల్ చేయించుకుంటూనే ఉండాలి. 2019లో సౌదీ ప్రీమియం రెసిడెన్సీ అని తెచ్చింది, శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్ళు కట్టాలి. యూఏఈ గోల్డెన్ వీసా కూడా ఆ ఏడాదే మొదలైంది, ఆస్తి చూపించి తీసుకోవాలంటే 20 లక్షల దిర్హాముల ఆస్తి కావాలి. వైద్యులకూ శాస్త్రవేత్తలకూ వేరే దారులున్నాయి. కూలీకి పోయేవాడికి వీటితో పనిలేదు కాబట్టి వదిలేద్దాం.

సౌదీ సంగతి తీసుకుంటే వరస ఇలా నడుస్తుంది. ముందు అక్కడి యజమాని తనకు ఇంతమంది మనుషులు, ఇన్ని ఫలానా పనులకు కావాలని కార్మిక శాఖ దగ్గర వీసాలు మంజూరు చేయించుకుంటాడు. అవి దేశాన్ని బట్టి, పనిని బట్టి కేటాయిస్తారు. తర్వాత ఇక్కడి రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటుకు ఆన్‌లైన్‌లో వకాలా, అంటే ఆయన తరఫున పని నడిపే అధికారం ఇస్తాడు. ఇక్కడ మనిషిని ఎంచుకున్నాక వాఫిద్ కింద, జనం ఇప్పటికీ గమ్కా మెడికల్ అనే పిలిచేది, ఆరోగ్య పరీక్ష జరుగుతుంది. టీబీ, హెపటైటిస్, హెచ్ఐవీ లాంటివి బయటపడితే అన్‌ఫిట్. ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు లాంటి పనులకు ఈమధ్య నైపుణ్య పరీక్ష కూడా పెట్టారు. అన్నీ అయ్యాక వీసా. దిగాక మళ్ళీ మెడికల్, తర్వాత వర్క్ పర్మిట్, ఆ తర్వాత అకామా. ఈ చివరి రెండూ చేయించాల్సింది యజమానే, దిగిన 90 రోజుల్లోపు. ఆ మూడు నెలలూ మీ చేతిలో ఉండేది కేవలం ప్రవేశ వీసా. చాలామంది కథ అడ్డం తిరిగేది సరిగ్గా ఇక్కడే: మూడు నెలలు గడిచిపోతాయి, "రేపు చేయిస్తా, మాపు చేయిస్తా" అంటుంటాడు, నాలుగో నెల రోడ్డు మీద తనిఖీలో పోలీసు అకామా అడుగుతాడు.

అకామా గడువు మీద ఒక చిన్న హెచ్చరిక. సౌదీలో అది హిజ్రీ తేదీల ప్రకారం నడుస్తూ వచ్చింది, హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే 11 రోజులు తక్కువ. "పోయిన జూన్‌లో చేశారు, ఈ జూన్ దాకా ఉంటుంది" అని లెక్కేసుకుని కూర్చుంటే మే చివరికే ముగిసిపోయి ఉండొచ్చు. పైగా కార్డు మీద చూసి లాభం లేదు. కార్డు చాలా ఏళ్ళు పనికొచ్చేలా ఇస్తున్నారు, రెన్యువల్ మాత్రం కంప్యూటర్లో జరుగుతుంది, కాబట్టి సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షర్‌లో చూసుకోవాల్సిందే. ఆ యాప్‌లో అకౌంటు మీ ఫోన్ నంబరుతో ఉండాలి, సూపర్‌వైజర్ నంబరుతో కాదు. గడువు దాటితే మొదటిసారి 500 రియాళ్ళు, రెండోసారి 1,000 జరిమానా, మూడోసారి దేశం నుంచి పంపించేయడం. రెన్యువల్ చేయాల్సిన బాధ్యత యజమానిది, పంపించేది మాత్రం పనివాణ్ణి. ఈ న్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పని పేరు దగ్గరే అసలు మెలిక

మా ఊరి కుర్రాడు ఒకడు వాట్సాప్‌లో వీసా ఫొటో పంపి "అన్నా, మంచిదేనా చూడు" అన్నాడు. ఏజెంటు చెప్పింది రియాద్‌లో ఒక గోదాములో హెల్పర్ పని, నెలకు ఇంత, ఓటీ వేరే. కాగితం మీద అరబ్బీలో ఉన్న గడులను ఫోన్ కెమెరా పెట్టి చదివిస్తే, యజమాని పేరు ఉండాల్సిన చోట కంపెనీ పేరు లేదు, ఒక మనిషి పేరుంది. పని ఉండాల్సిన చోట "సాయిక్ ఖాస్" అని ఉంది. అంటే ఇంటి డ్రైవరు. వాడికి ఇక్కడ బండి లైసెన్సు కూడా లేదు. ఏజెంటును అడిగితే "వీసా మీద ఏదుంటే ఏంది, పని అయితే కంపెనీలనే" అన్నాడట.

ఏదుంటే ఏంది కాదు, మొత్తం అక్కడే ఉంది. సౌదీ 2021 మార్చి 14 నుంచి కార్మిక సంస్కరణ ఒకటి అమల్లోకి తెచ్చింది. దాని ప్రకారం కంపెనీ పనివాడు ఏడాది పూర్తయ్యాక, ముందుగా నోటీసు ఇచ్చి, పాత యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారొచ్చు. వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, అకామా గడువు తీరినా రెన్యువల్ చేయకపోయినా, ఏడాది నిండకుండానే మారొచ్చు. సెలవుకు ఇంటికొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ తనే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఇవన్నీ చిన్న మార్పులేం కావు, అంతకుముందు తనాజుల్ కోసం, అంటే పాత కఫీల్ విడుదల కాగితం కోసం, ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడినవాళ్ళున్నారు. కానీ ఈ సంస్కరణ వర్తించనివాళ్ళు ఉన్నారు: ఇంటి డ్రైవర్లు, ఇంటి కాపలాదారులు, ఇంటి పనివాళ్ళు, గొర్రెల కాపర్లు, తోట లేదా వ్యవసాయ పనివాళ్ళు. వీళ్ళు కార్మిక చట్టం కిందికి రారు, ఇంటి పనివాళ్ళ నిబంధనలు వేరే. కాబట్టి గోదాములో పనిచేసే మనిషి వీసా మీద "సాయిక్ ఖాస్" అని ఉంటే, అతను గోదాములో మూటలు మోసినంతకాలం చట్టం దృష్టిలో పని ఎగ్గొట్టిన ఇంటి డ్రైవరే. జీతం రాలేదని ఫిర్యాదు చేద్దామన్నా ముందు "నువ్వు అక్కడెందుకున్నావు" అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఏజెంట్లు ఇలాంటి వీసాలనే ఎందుకు తెస్తారంటే దొరకడం సులభం కాబట్టి. కంపెనీ వీసాకు ఆ కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి అనే నితాఖత్ లెక్క ఉంది, పైగా 2018 నుంచి విదేశీ కార్మికుడి మీద నెలనెలా లెవీ పెరుగుతూ వచ్చింది, 2020 నాటికి నెలకు 800 రియాళ్ళు అయింది, సౌదీల సంఖ్య ఎక్కువున్న కంపెనీకి 700. ఏడాదికి 9,600 రియాళ్ళ దాకా. ఇంటి పనివాళ్ళ మీద మామూలుగా ఇంత భారం లేదు. ఒక కుటుంబం ఇంటి డ్రైవరు వీసా ఒకటి తీసుకుని అమ్ముకోవడం అలా మొదలైంది.

కువైట్‌లో ఇదే సంగతి నంబర్ల రూపంలో ఉంటుంది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళది ఆర్టికల్ 18, మనవాళ్ళు షూన్ వీసా అంటారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళది ఆర్టికల్ 20, ఖాదిమ్ వీసా. 18 వాళ్ళకు 2010 నాటి కార్మిక చట్టం, 20 వాళ్ళకు 2015లో విడిగా చేసిన ఇంటి పనివాళ్ళ చట్టం. ఖాదిమ్ వీసా మీద వెళ్ళి హోటల్లోనో గ్యారేజీలోనో పనిచేస్తే జీతం ఎంత బాగున్నా అది నేరమే, పట్టుబడితే పంపించేస్తారు. 2024 వేసవిలో రెండు నెలల పాటు 20 నుంచి 18కి మారే అవకాశం ఇచ్చారు, అది మూసేశారు. అలాంటి కిటికీలు ఎప్పుడో ఒకసారి తెరుస్తారు, వాటిని నమ్ముకుని ముందే ఖాదిమ్ వీసా కొనుక్కోవడం తెలివైన పని కాదు. ఇంకో విషయం, 2025 జూలై 1 నుంచి ఆర్టికల్ 18 వాళ్ళు దేశం దాటాలంటే యజమాని నుంచి ఆన్‌లైన్‌లో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. ఖతార్ 2018లో, 2020లో చట్టాలు మార్చి చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ ఎత్తేసింది, కువైట్ ఏమో కొత్తగా పెట్టింది. గల్ఫ్ అంతా ఒకటే అనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఆజాద్ వీసా అనే సరుకు

ఆజాద్ వీసా, ఫ్రీ వీసా. ఈ పేరుతో ఏ దేశ చట్టంలోనూ వీసా లేదు. బజారులో మాత్రం ఉంది, దాని రేటు మామూలు కంపెనీ వీసా కంటే ఎక్కువ, ఎందుకంటే "నీ ఇష్టం వచ్చిన చోట పనిచేసుకో" అని చెప్పి అమ్ముతారు. లోపల జరిగేది చూడండి. అక్కడ ఒకాయన పేరుకు ఒక చిన్న దుకాణమో కాంట్రాక్టు సంస్థో రిజిస్టర్ చేయిస్తాడు, దాని మీద నాలుగైదు వీసాలు తీస్తాడు, మధ్యవర్తికి అమ్ముతాడు. మధ్యవర్తి ఇంకో మధ్యవర్తికి. మన ఊరి దాకా వచ్చేసరికి ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు, ప్రతి చేతిలోనూ ధర పెరుగుతుంది. వెళ్ళినవాడు బయట తిరిగి పని వెతుక్కుంటాడు, కఫీల్‌కు నెలకో ఏడాదికో ఇంతని కడతాడు, అకామా ఖర్చు, లెవీ ఖర్చు కూడా తనే పెట్టుకుంటాడు. పని దొరికినన్నాళ్ళూ ఇది బాగానే నడుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మేస్త్రీ పనో ఏసీ మెకానిక్ పనో బాగా వచ్చినవాళ్ళు ఆజాద్ వీసా మీద కంపెనీ జీతానికి రెండింతలు సంపాదించిన సందర్భాలు ఉన్నాయి. వాళ్ళను చూసే మిగతావాళ్ళు వెళ్తారు.

చిక్కు ఏంటంటే ఆ కఫీల్ చేతిలో ఒక మీట ఉంది. "నా పనివాడు పనికి రావడం లేదు" అని ఆన్‌లైన్‌లో ఒక ఫిర్యాదు పెడితే చాలు, దాన్నే హురూబ్ అంటారు. మొదట మాట్లాడుకున్న డబ్బు కంటే ఎక్కువ అడుగుతాడు, ఇవ్వనంటే హురూబ్ పెడతానంటాడు. హురూబ్ పడిందంటే అకామా ఆగిపోతుంది, అకామాకు ముడిపడిన బ్యాంకు అకౌంటు, సిమ్ కార్డు, ఆస్పత్రి అన్నీ ఆగిపోతాయి. కఫీల్ పేరున్న సంస్థలో నిజంగా పని చేయలేదు కాబట్టి ఫిర్యాదు అబద్ధమని నిరూపించడం కూడా కుదరదు, అది నిజమే కదా! 2022 చివర్లో సౌదీ దీన్ని కొంచెం సడలించింది, కంపెనీ పనివాడి మీద ఇలాంటి ఫిర్యాదు వస్తే వెంటనే పరారీ ముద్ర వేయకుండా 60 రోజులు టైం ఇస్తున్నారు, ఆలోగా వేరే యజమాని దగ్గరికి మారాలి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, దేశం వదిలి వెళ్ళిపోవాలి. ఇంటి పనివాళ్ళ లెక్క వేరు. ఈ 60 రోజుల సంగతి తెలియక ఆ రెండు నెలలూ రూములో దాక్కుని గడిపేసేవాళ్ళున్నారు. దాక్కోవడానికి ఇచ్చిన రోజులు కావవి, కొత్త కంపెనీ వెతుక్కోవడానికి ఇచ్చినవి.

కువైట్ కొత్త నివాస చట్టం, 2025 జనవరి 5 నుంచి అమల్లో ఉన్నది, వీసాలు అమ్ముకునేవాడికి జైలుశిక్ష, వేల దినార్ల జరిమానా పెట్టింది. మంచిదే. కానీ కొన్నవాడు ఫిర్యాదు చేయాలంటే తను కొన్నానని ఒప్పుకోవాలి.

దుబాయికి విజిట్ మీద

దుబాయి లెక్క వేరు. విజిట్ వీసా మీద వెళ్ళి, ఇంటర్వ్యూలకు తిరిగి, ఉద్యోగం దొరికాక అక్కడే వీసా మార్చుకోవడం యూఏఈలో కుదురుతుంది, సౌదీ విజిట్ మీద అలా కుదరదు. అందుకే "ముందు విజిట్ మీద రా, వచ్చాక మార్పిస్తా" అనే మాట దుబాయి పేరుతో ఎక్కువ వినపడుతుంది. ఈ మాటలో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదం. ఉద్యోగం వెతుక్కోవడం వరకు సరే. మోహ్రే అనే కార్మిక శాఖ నుంచి వర్క్ పర్మిట్ రాకముందు ఒక్కరోజు పనిచేసినా చట్టవిరుద్ధం. 2024లో యూఏఈ ఈ జరిమానాను పెంచింది, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా. "రెండు నెలలు ట్రయల్, తర్వాత వీసా" అంటే అర్థం ఆ రెండు నెలల జీతానికి మీ దగ్గర ఏ కాగితమూ ఉండదని. విజిట్ ముగిశాక పొమ్మంటే పోవడమే.

సరైన పద్ధతిలో అయితే ముందు ఆఫర్ లెటర్ మీద మీ సంతకం ఉండాలి, ఆ ఆఫర్‌లో ఉన్నదే తర్వాత కాంట్రాక్టులో ఉండాలి. ఎంట్రీ పర్మిట్ వస్తుంది, అక్కడ దిగాక మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ. ఒకప్పుడు పాస్‌పోర్టులో రెసిడెన్సీ స్టిక్కర్ వేసేవాళ్ళు, 2022 నుంచి అది తీసేశారు, 784తో మొదలయ్యే నంబరున్న ఆ కార్డే ఇప్పుడు మీ నివాస పత్రం. వీసా ఖర్చులు యజమానే భరించాలని 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం స్పష్టంగా చెప్తుంది. జీతంలోంచి నెలనెలా "వీసా డబ్బులు" కోసుకోవడం కుదరదు. కోస్తున్నారా అంటే కోస్తున్నారు.

గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాములు. చిన్న అంకె లాగే ఉంటుంది. ఏడాదికి లెక్కేయండి, 18,250 దిర్హాములు, మన డబ్బులో 4 లక్షలు దాటుతుంది. నెలకు పన్నెండు వందల దిర్హాములు సంపాదించే మనిషికి ఏడాది జీతం మొత్తం పెట్టినా ఆ జరిమానా తీరదు. అందుకే ఒకసారి గడువు దాటినవాడు "ఇక ఎలాగూ కట్టలేను" అని ఏళ్ళకేళ్ళు ఉండిపోతాడు.

మన వైపు ఉండాల్సిన కాగితం

ఇదంతా అక్కడి సంగతి. మన దేశంలో 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. 10వ తరగతి పాస్ కానివాళ్ళకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే పనికి విదేశం వెళ్ళేముందు తనిఖీ కావాలని, ముద్రిస్తారు, ఏమీ రాయకపోతే ఈసీఎన్ఆర్, అంటే ఆ తనిఖీ అక్కర్లేదని అర్థం. ఈసీఆర్ వాళ్ళు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి క్లియరెన్సు ఉండాలి, హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది, దరఖాస్తు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నడుస్తుంది. దీన్ని అందరూ ఒక అడ్డంకిలాగే చూస్తారు, ఏజెంట్లయితే దాన్ని తప్పించడమే తమ గొప్ప అన్నట్టు మాట్లాడతారు. దాంట్లో ఏముందో చూస్తే మాత్రం, యజమాని ఎవరో, పని ఏంటో, జీతం ఎంతో మన ప్రభుత్వం దగ్గర ముందే నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, ప్రమాదంలో పోతే లేదా శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న మనిషిని విజిట్ వీసా మీద పంపించారంటే ఇవన్నీ ఎగిరిపోయినట్టే, ఏదైనా జరిగితే అతను అక్కడికి పనికి వెళ్ళాడనే రికార్డే ఉండదు. ఈసీఆర్ ఆడవాళ్ళకు ఇంకో షరతు, 30 ఏళ్ళు నిండాలి. గోదావరి జిల్లాల్లో, రాయలసీమలో వయసు మార్చి పాస్‌పోర్టులు తీయించడం, విజిట్ మీద ఒక దేశం పంపి అక్కడి నుంచి ఇంకో దేశం దాటించడం ఈ షరతు తప్పించడానికే. ఇంటి పనికి వెళ్ళే ఈసీఆర్ ఆడవాళ్ళను ఓమ్‌క్యాప్, టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా ఉంది.

ఏజెంటు ఫీజు గురించి అడిగితే ఎవరూ నమ్మరు కానీ, రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దాని మీద జీఎస్టీ కలిపి 35,400 రూపాయలు. బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోవాలి. లక్ష, లక్షన్నర అడిగితే అందులో వీసా ధర ఉన్నట్టు. లైసెన్సున్న ఏజెంటు విదేశాంగ శాఖకు 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఉంటాడు, చిన్న ఏజెంటైతే 8 లక్షలు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో కూర్చుని వీసాలు చూపించే సబ్ ఏజెంటు ఎవరికీ ఏమీ ఇచ్చి ఉండడు, చట్టంలో సబ్ ఏజెంటు అనేవాడే లేడు. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు ఎవరైనా చూసుకోవచ్చు, పది నిమిషాల పని. నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చే ముందు ఆ పది నిమిషాలు పెట్టడానికి ఎందుకు బద్ధకమో నాకు అర్థం కాదు. 10వ తరగతి పాసైన కుర్రాళ్ళ పరిస్థితి ఇంకో రకంగా ఇబ్బంది, వాళ్ళకు క్లియరెన్సే అక్కర్లేదు కాబట్టి ఎవరూ ఆపరు, ఏ తప్పుడు వీసా మీదైనా నేరుగా ఎక్కేస్తారు.

చెడిపోయాక

ఒకవేళ అన్నీ తప్పి ఖల్లివెల్లి అయ్యారనుకోండి. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతుంది సాధారణంగా. పనివాడి పాస్‌పోర్టు పెట్టుకోవడం ఆ దేశాల్లో కూడా తప్పే, అయినా నడుస్తోంది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, అదే ఔట్‌పాస్. చాలామంది ఔట్‌పాస్ చేతికొచ్చిందంటే ఇంటికి వచ్చేసినట్టే అనుకుంటారు. అది మీరు భారతీయులని చెప్పే కాగితం మాత్రమే, ఆ దేశం వదిలిపెట్టడానికి వాళ్ళ ఎగ్జిట్ వేరే కావాలి. సౌదీలో అయితే జవాజాత్ అనే పాస్‌పోర్టు శాఖ దగ్గరో, కార్మిక కార్యాలయం దగ్గరో, దేశం నుంచి పంపించేసే తర్హీల్ కేంద్రం ద్వారానో అది రావాలి. తర్హీల్ నుంచి పంపించేస్తే మళ్ళీ ఆ దేశానికి పనికి వెళ్ళడం దాదాపు ముగిసినట్టే. టికెట్‌కు కూడా డబ్బు లేనివాళ్ళకు ఎంబసీ దగ్గర 2009 నుంచి భారతీయ సంక్షేమ నిధి ఉంది, దరఖాస్తు పెట్టుకుంటే అందులోంచి ఇస్తారు. ఇక్కడి నుంచి కుటుంబసభ్యులు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, వీసా కాపీ, పాస్‌పోర్టు కాపీ, అకామా నంబరు దగ్గరుంటే పని తొందరగా కదులుతుంది. అందుకే వెళ్ళేముందు వీటి ఫొటోలు ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా ఉంచి వెళ్ళమనేది.

ఆమ్నెస్టీ, అంటే అక్రమంగా ఉన్నవాళ్ళకు క్షమాభిక్ష, ప్రకటించినప్పుడు మాత్రం ఆలోచించకండి. సౌదీ 2013లో, 2017లో ఇచ్చింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. యూఏఈ 2018లోనూ, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకానూ ఇచ్చింది, 2024లో అయితే జరిమానా లేకుండా వెళ్ళే వీలుండేది, మళ్ళీ రావడానికి నిషేధం కూడా పెట్టలేదు, యజమాని దొరికితే అక్కడే కాగితాలు సరిచేసుకుని ఉండిపోయే వీలు కూడా ఉండేది. ఇంత మంచి అవకాశం వచ్చినా కొందరు ఆగుతారు. "ఇంకో నాలుగు నెలలు చేసుకుంటే అప్పు తీరుతుంది, ఎలాగూ గడువు పొడిగిస్తారు" అని. పొడిగిస్తారు కూడా చాలాసార్లు, ఆ అలవాటే ముంచుతుంది.

ఆమ్నెస్టీ తీసేసేది నివాసానికి సంబంధించిన జరిమానాలనే. బ్యాంకు అప్పు ఎగ్గొట్టిన కేసు, యాక్సిడెంటు కేసు, కఫీల్ పెట్టిన దొంగతనం కేసు, ఇవి ఉంటే పేరు మత్లూబ్, అంటే పోలీసులు వెతుకుతున్నవాళ్ళ జాబితాలో ఉంటుంది, విమానాశ్రయంలో ఆపేస్తారు. ఔట్‌పాస్ లైన్లో నిలబడే ముందు ఎంబసీ వాళ్ళతోనో, నమ్మకమైన సంఘాల వాళ్ళతోనో తన పేరు మీద కేసు ఉందో లేదో కనుక్కోవాలి, ఉంటే ముందు అది తేలాలి. కఫీల్ పెట్టిన కేసుల్లో చాలావరకు రాజీ మీదే తేలతాయి. రాయించుకున్న రాజీ కాగితం పోలీస్ స్టేషన్లో దాఖలైందా లేదా అన్నది కూడా అడిగి చూసుకోవాలి, జేబులో పెట్టుకున్నంత మాత్రాన కంప్యూటర్లో పేరు చెరిగిపోదు.